గట్టు మీద గొడుగు మనిషి

ఆ నీళ్ల ట్యాంకు నేను ఎక్కలేదు. ఎక్కానని ఫీల్డు డైరీలో రాశాను. రాసినందుకు, తర్వాత పదిమంది ఎదుట ఎక్కినవాడిలాగే మాట్లాడాను. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి నాకు పధ్నాలుగేళ్లు పట్టింది. ఈమధ్యే గడువుకు ముందుగా ఉద్యోగం వదిలాను కాబట్టి ఇప్పుడు ధైర్యం వచ్చిందని మీరు అనుకోవచ్చు. అందులో కొంత నిజం ఉంది, కాదనను.

పాత ఊళ్ల, పాత కట్టడాల ఆనవాళ్లు నమోదు చేసే ప్రభుత్వ శాఖలో నేను సర్వే అసిస్టెంటుని. ఢిల్లీలో ఆ ఉద్యోగం అనగానే మా చుట్టాలంతా కోటలూ గుమ్మటాలూ ఊహించుకునేవారు. నేను చూసింది ఎక్కువగా దిబ్బలు. వాటి మీద తుమ్మచెట్లు, పెంకు ముక్కలు, ఎండుతున్న పిడకలు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు డ్రోను ఎగరేసి పది నిమిషాల్లో దిబ్బంతా ఫోటో తీసేస్తున్నారు. మా రోజుల్లో పైనుంచి చూడాలంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి ఎక్కాల్సిందే. నా కథంతా అక్కడే ఉంది.

ఇటువైపు పాత రెవెన్యూ రికార్డుల్లో మనుషులు లేని ఊరిని ‘బేచిరాగ్’ అని రాస్తారు. దీపం లేనిది అని అర్థం. ఊరికి పేరుంటుంది, హద్దులుంటాయి, పొలాలకు నంబర్లుంటాయి. ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండదు. ఫరీదాబాద్ దాటాక యమున వైపు అలాంటి ఊరొకటి మా జాబితాలో ఉండేది. దాని మీదుగా కొత్త రోడ్డు పోబోతోంది. రోడ్డు వాళ్లు మాకు ఉత్తరం రాశారు. అక్కడ కాపాడదగ్గది ఉంటే చెప్పండి, దారి కొంచెం పక్కకు జరుపుతాం, లేకపోతే లేదని రాసివ్వండి అని. చూసిరమ్మని నన్నూ, నక్షాలు గీసే మా డ్రాఫ్ట్స్‌మన్‌నీ పంపారు.

డ్రాఫ్ట్స్‌మన్ నాకంటే పదేళ్లు పెద్ద. నల్లగొండ వైపు మనిషి. ఆఫీసులో తెలుగువాళ్లం మేమిద్దరమే. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. చేతిలో పెన్సిలుంటే మాత్రం ఆయనకు ఏ భాషా అక్కర్లేదు. గోడ కనబడితే దాని ఇటుకల వరసలు లెక్కపెట్టి గీసేవాడు. కనబడని వరస ఒక్కటి కూడా గీసేవాడు కాదు. ‘కనబడంది గీస్తె అది నక్షా కాదు తమ్మీ, బొమ్మ’ అనేవాడు.

అంతకు రెండేళ్ల ముందు మా ఆఫీసులో ఒక శిక్షణ జరిగింది. వచ్చినాయన ఇంగ్లండులో మధ్యయుగాల్లో జనం వదిలేసిన పల్లెల ఫోటోలు తెర మీద చూపించాడు. విమానంలోంచి తీసినవి. కింద నిలబడి చూస్తే అది వట్టి గొర్రెలు మేసే బీడు. పైనుంచి, ఏటవాలు ఎండలో చూస్తే వీధి పల్లంగా, ఇళ్ల పునాదులు మిట్టలుగా, పెరళ్ల హద్దులతో సహా ఊరు ఊరంతా కనబడుతోంది. పైరు వేసిన చోట ఇంకా విచిత్రం. గోడలున్నంత మేరా మొక్క గీత గీసినట్టు పొట్టిగా ఉంది. అన్నకు ఫోటోలు అర్థమయ్యాయి గానీ మాటలు అర్థం కాలేదు. టీ దగ్గర నేనే తెలుగులో చెప్పాను.

‘గోడ మీద మట్టి పల్చన అన్నా. వేరు దిగదు, తడి అందదు. అందుకని అక్కడి పైరు పక్కదానికంటే ముందే పసుపెక్కుతుంది.’

‘అంటె చేనే నక్షా గీస్తదన్నట్టు,’ అన్నాడాయన. ఆ రోజంతా అదే మాట నాలుగైదుసార్లు అనుకున్నాడు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను లేదని చెప్పిన విషయాన్ని ఆయనకు నేర్పింది నేనే.

మేం ఆ దిబ్బ దగ్గరికి వెళ్లింది మార్చిలో. దిబ్బ నెత్తిన తుమ్మలు, చుట్టూ వాలంతా గోధుమ చేలు. గోధుమ కోతకు ఇంకా రెండు మూడు వారాలుంది. పెంకులు ఏరాం. వాటిలో నీలం ఆకుపచ్చ మెరుగున్న ముక్కలు కొన్ని ఉన్నాయి, అంటే సుల్తానుల కాలం నుంచీ అక్కడ కాపురాలున్నాయి. పలచటి చిన్న ఇటుకలు దొరికాయి, అంటే మొఘలుల రోజుల్లోనూ ఉన్నారు. మట్టితో పూడిన బావి ఒకటి ఉంది. బావి పక్కన సున్నం కొట్టిన నాలుగు ఇటుకల గద్దె, దాని మీద మసి పట్టిన ప్రమిద.

ప్రమిద పెట్టేది పక్క ఊరి ముసలావిడ. ఊళ్లో అందరూ ఆవిడను తాయీ అంటారు, మన పెద్దమ్మ అన్నట్టు. పశువులకు గడ్డి కోసుకుంటూ మా దగ్గరికి వచ్చి కూర్చుంది. వాళ్ల వంశం ఈ దిబ్బ మీంచే లేచిపోయిందట. బావి నీళ్లు ఉప్పెక్కాయట. ఒక్కో ఇల్లే కదిలి నాలుగు చేల అవతల కొత్త ఊరు కట్టుకున్నారట. ఎన్ని తరాలైందో ఆవిడకు తెలియదు. కానీ ఇప్పటికీ పెళ్లయితే కొత్త జంటను ముందు ఇక్కడికే తెచ్చి మొక్కిస్తారు. దీపావళికి తమ ఇంట్లో దీపం పెట్టేముందు ఇక్కడ పెడతారు.

‘పట్వారీ కాగితంలో దీపం లేని ఊరని రాసుకున్నాడు,’ అంది తాయీ హిందీలో. ‘మేం బతికుండగా ఎలా రాస్తాడు? అందుకే పెడతాం.’

వెళ్లబోతూ ఇంకొకటి చెప్పింది. వాళ్ల అత్తగారు చెప్పేదట, తమ వీధి బావి దగ్గర్నుంచి ఎడమకు తిరిగేదని. అక్కడ తిరగడానికి వీధేదీ లేదు. గోధుమ చేనుంది.

అన్న చేను వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తలెత్తి, పక్క ఊరి చివర సిమెంటు స్తంభాల మీదున్న నీళ్ల ట్యాంకును చూశాడు. నేను చప్పున నేల మీది పెంకుల వైపు తిరిగాను.

ఎత్తంటే నాకు భయం. ఈనాటికీ మయూర్ విహార్ మెట్రో స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద గోడకు ఆనుకుని నిలబడతాను. పెళ్లయిన కొత్తలో నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సర్వే పని చేసేవాడికి ఈ భయముందని ఆఫీసులో తెలిస్తే ఫీల్డుకు పంపరని నా బెంగ. ట్యాంకుకు బయటివైపు సన్నటి ఇనప నిచ్చెన. పట్టుకోవడానికి చుట్టూ ఏమీ లేదు.

‘ఏం తమ్మీ, ఎక్కుతవా?’

‘మీరు పదండన్నా. తాయీని ఇంకో రెండు మాటలు అడిగి వస్తాను.’

తాయీ అప్పటికే గడ్డిమోపు ఎత్తుకుని వెళ్లిపోయింది. అన్నకు అది కనబడింది కూడా. చొక్కా లోపల కాగితం పెట్టుకుని, పెన్సిలు చెవి మీద దోపుకుని ఎక్కాడు. నేను గొడుగు వేసుకుని చేను గట్టు మీద నిలబడ్డాను. నా గొడుగు మా ఆఫీసంతా ఎరిగినదే. ఒక ఊచ విరిగి ఓ పక్క చెవిలా వాలిపోయి ఉండేది. బాగు చేయించుకోమని అందరూ ఎగతాళి చేసేవారు.

గంట తర్వాత ఆయన దిగి వచ్చాడు. చేతులు తుప్పుతో ఎర్రగా ఉన్నాయి. ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

‘ఊరు మొత్తం కనబడుతున్నది తమ్మీ. బాయి కాడికెళ్లి గల్లీ ఎడమకు మల్గుతున్నది, ముసలమ్మ చెప్పినట్టె. ఇగో, గల్లీకి రెండు దిక్కుల కలిపి పదకొండు ఇండ్లు. గోడల మీద గోధుమ మొత్తం పసుప్పచ్చగైంది. ఎండ నెత్తికెక్కకముందె నువ్వు గూడ చూసిరా పో.’

‘మీరు చూశారుగా అన్నా.’

‘ఇద్దరు చూడాలె గద. రూలు గదే.’

‘రేపు చూస్తాను లెండి.’

రేపు వెళ్లలేదు. జీపు దొరకలేదన్నాను. జీపు దొరకకపోవడం నిజమే, నేను అడిగితే కదా దొరకడానికి. డైరీలో మాత్రం ఆ సాయంత్రమే రాసేశాను. ‘తొమ్మిది నుంచి పది వరకు ఇద్దరం ట్యాంకుపై నుంచి పరిశీలించాం.’ అలా రాయడం మా ఆఫీసులో పెద్ద తప్పుగా ఎవరూ అనుకునేవారు కాదు. వందడుగులు నడిచి మైలు నడిచామని రాసినవాళ్లున్నారు. అబద్ధమని కాదు, ఖాళీగా వదిలితే బాగుండదని రాసేవాళ్లం. కొత్తగా వచ్చిన పిల్లలకు నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. ఆ గడి ఖాళీగా వదలండి.

వారం తర్వాత మీటింగు. మా పెద్దసారు, రోడ్డు శాఖ నుంచి ఇద్దరు, ఇంకా మావాళ్లు నలుగురైదుగురు. బల్ల మీద అన్న సిరాతో గీసిన నక్షా పరిచారు. బావి, వీధి మలుపు, పదకొండు ఇళ్లు. కింద మూలన ట్యాంకు పైనుంచి కనబడిన దృశ్యం విడిగా వేశాడు. చేను, దిబ్బ, దిబ్బ మీద తుమ్మలు. దిబ్బ ఎంత ఎత్తో తెలియడానికి డ్రాఫ్ట్స్‌మన్లు పక్కనే ఒక మనిషి బొమ్మ వేస్తారు. అన్న కూడా వేశాడు. గట్టు మీద గోరంత మనిషి. చేతిలో గొడుగు. ఆ గొడుగు ఓ పక్కకు చెవిలా వాలి ఉంది.

కనబడనిది గీయని మనిషి, కనబడింది గీశాడు. అంతే. నా డైరీ పక్కనే ఆ నక్షా ఉంది. డైరీ ప్రకారం నేను ట్యాంకు పైన ఉన్నాను. నక్షా ప్రకారం గట్టు మీదున్నాను. నా చేతులు బల్ల కిందికి దించుకున్నాను.

పెద్దసారు వేలు నక్షా మీద తిరుగుతూ తిరుగుతూ ఆ బొమ్మ దగ్గర ఆగింది.

‘యే కౌన్ హై?’ ఎవరితనని అడిగాడు.

అన్న నా వైపు చూడలేదు.

‘కోయీ గావ్‌వాలా, సర్. స్కేల్ కోసం వేసిన,’ అన్నాడు.

ఊరివాడెవడో అని చెప్పి నన్ను కాపాడాడు. ఆయన జీవితంలో ఆఫీసులో ఆడిన అబద్ధం బహుశా అదొక్కటే. అది నాకోసం ఆడాడు. ఆ తర్వాత రెండు నిమిషాల్లోనే నేను చేసింది ఇది.

పెద్దసారు నా వైపు తిరిగాడు. ‘ఇటుక గోడ ఒక్కటీ పైకి లేదు. గోధుమ రంగు చూసి రోడ్డు మార్చమంటామా? డైరీలో నువ్వూ ఎక్కానని రాశావు. నువ్వు చూశావా ఈ గీతలు? చూశానంటే సంతకం పెట్టు. రేపు ఈ ఇద్దరితో కలిసి నువ్వే ఎక్కి చూపించు.’

రోడ్డు శాఖాయన నవ్వుతూ, ‘హా భాయ్, మేం రెడీ,’ అన్నాడు.

అందరూ నా వైపే చూస్తున్నారు. చూశానంటే రేపు ఆ నిచ్చెన. ఎక్కలేదంటే డైరీలో అబద్ధం రాశానని విచారణ. మూడో దారి ఒకటుంది, గదిలో అందరికీ సులువైనది.

‘చూశాను సర్. కానీ గీతలు అంత స్పష్టంగా లేవు. ట్రాక్టరు చాళ్లు కావచ్చు.’

గదంతా ఒక్కసారి తేలికపడింది. కుర్చీలు కదిలాయి, ఎవరో టీకి చెప్పారు. పెద్దసారు పెన్సిలుతో నక్షా మూల ఏదో రాసి మడిచేశాడు. అన్న మాత్రం ఇంకా బల్ల మీద అరచేతులు పెట్టుకుని అలాగే ఉన్నాడు. అంతకుముందు నక్షాలో వీధి మలుపు ఉన్నచోట ఆయన బొటనవేలు ఉంది. అదెందుకో బాగా గుర్తు.

నేను వెనక మెట్ల మీంచి దిగి ఇంటికి వెళ్లిపోయాను.

మూడు వారాల్లో గోధుమ కోసేశారు. ఇక ఎవరు ఎక్కినా చూడటానికి ఏమీ లేదు. అన్నను మళ్లీ ఫీల్డుకు పంపలేదు. లేనివి గీస్తాడని పేరు పడింది. చాటుగా ‘ఆర్టిస్ట్ సాబ్’ అనేవారు. రికార్డు రూములో పాత నక్షాలకు నకళ్లు తీసే పని ఇచ్చారు. రిటైరయ్యే దాకా, ఆరేళ్లు, అదే చేశాడు. కారిడార్లో ఎదురుపడితే ‘తిన్నవా తమ్మీ?’ అని అడిగేవాడు. ఒక్కసారి తిట్టి ఉంటే నేను నిద్రపోయేవాణ్ణేమో. ఆయన పిలుస్తాడేమోనని ఫోను మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. పిలవలేదు.

మరుసటి చలికాలంలో రోడ్డు పని మొదలైంది. ఇటుకలు బయటపడుతున్నాయని కబురొస్తే చూసి రమ్మని నన్నే పంపారు. అన్న నక్షా జిరాక్సు ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లాను. ఎందుకు పెట్టుకున్నానో, ఏం చూడాలని ఆశపడ్డానో నాకే తెలియదు. ఆ గీతలు తప్పయి ఉండాలనే దారంతా కోరుకున్నాను.

మిషను దిబ్బను నిలువునా కోసింది. కోసిన గోడలో వరసగా ఇటుక పునాదులు, మధ్యలో కాలిన మట్టితో పొయ్యి, బూడిద పొర, గట్టిపడిన వీధి నేల. బావి దగ్గర నిలబడి నక్షాలో ఉన్న దూరం ప్రకారం అడుగులు వేశాను. సరిగ్గా అక్కడే వీధి ఎడమకు తిరిగింది. ఇళ్లు లెక్కపెట్టాను. ఏడింటి దాకా లెక్కపెట్టగలిగాను. మిగతా నాలుగూ అప్పటికే లారీల్లో వెళ్లిపోయాయి.

తాయీ అక్కడే ఉంది. వాళ్ల మనుషులు ఆ గద్దె ఇటుకలు నాలుగూ ఊడదీసి ట్రాక్టరు ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. ఆవిడ నన్ను గుర్తుపట్టింది.

‘గొడుగాయనవు కదూ. పైకి ఎక్కినాయన రాలేదేం?’

‘ఆయనకు వేరే పని ఇచ్చారు తాయీ.’

‘మా వీధి చూశానని చెప్పాడు. ఆ రోజు ట్యాంకు దిగి మీ దగ్గరికి వస్తూ మా ఇంటికొచ్చి కాగితం మీద చూపించాడు. మా ఇల్లెక్కడో అడిగాడు. నేనేం చెబుతాను, మలుపు తిరిగాక ఉండేదట అన్నాను. ఆయన పైవాళ్లకు రాసి ఉంటాడు, వీళ్లు వినలేదేమో.’

నేను వెళ్లి జీపెక్కాను. రిపోర్టులో ‘చెదిరిన ఇటుకలు, పూర్తిగా పాడైన స్థితి’ అని రాశాను. రాసే రోజుకు అది నిజమే.

తర్వాత పన్నెండేళ్లకు పైగా నేను మంచి ఉద్యోగినే. డైరీలో ఒక్క అడుగు ఎక్కువ రాయలేదు. నా కింద పనిచేసినవాళ్లు చాదస్తం అనుకునేవారు. అది చాదస్తం కాదు, భయం. కిందటేడు, వదిలి వెళ్లేముందు, పనికిరాని కాగితాల గుట్టలు తిరగేసి జాబితా రాయమన్నారు. మూడో కట్టలో ఆ నక్షా ఉంది. మూల పెద్దసారు పెన్సిలు రాత: ‘ఊహాజనితం. తీసేయవచ్చు.’ కింద, గట్టు మీద, గొడుగు మనిషి.

ఆ నక్షాను తీసేయాల్సిన జాబితాలో రాయలేదు. తెల్లకాగితం తీసుకుని ఒక వాంగ్మూలం రాసి, నక్షాకు ఒక నకలు తీసుకుని, ముందు అన్నకు చూపించి ఆ తర్వాతే ఆఫీసులో ఇద్దామనుకున్నాను. అలా అనుకున్నాక కూడా రెండు నెలలు వాయిదా వేశాను.

అన్న మయూర్ విహార్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. మా ఇంటికి నడిచి వెళ్లే దూరమే. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మనవరాలు తలుపు తీసి, ఎవరో వచ్చారని లోపలికి కేకేసింది.

‘నానాజీ, కోయీ అంకుల్ ఆయే హై.’

బాల్కనీ పక్కన కుర్చీలో ఉన్నాడు. చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. నన్ను చూసి నవ్వాడు.

‘ఏం తమ్మీ, మూడంతస్తులు ఎక్కినవా?’

నేను కూర్చోలేదు. నక్షా నకలు ఆయన ఒళ్లో పెట్టాను. చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

‘పన్నెండు రావచ్చు ఇండ్లు,’ అన్నాడు. ‘ఈ మూలకు ఒకటి అనుమానంగుండె. సరిగ కనబడలె, గీయలె.’

‘అన్నా, ఇందులో గట్టు మీదున్నది నేనే.’

‘గీసినోన్ని నాకు తెల్వదా?’

‘ఆ రోజు మీటింగులో ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట చెబితే మీమీద మాట పడేది కాదు.’

లోపల కుక్కరు కూత వేసింది.

‘నువ్వు చెప్తవనుకున్న. అందరి ముందట కాకున్నా, ఎన్క నాకన్నా చెప్తవనుకున్న. మీటింగైనంక కింద చాయ్ కాడ నిలబడి రెండు చాయ్‌లు చెప్పిన. సల్లారిపోయినయ్. చాయాయన అడిగిండు, ఎవల కోసమని. ఇగ వస్తడు అన్న.’

నేను వెనక మెట్లు దిగిన రోజది. వాంగ్మూలం తీసి ఇచ్చాను. పెదవులు కదుపుతూ మెల్లగా చదివాడు. ఒక చోట ఆగి, వేలు పెట్టాడు.

‘ఇదేంది? “పరిశీలన సమగ్రంగా జరగలేదు” అని రాసినవ్. ఎవలు జరపలె? గిట్ల రాస్తె ఎవలకు సమజైతది? జరిగింది రాయి.’

జేబులో పెన్ను తీశాను. ఆయన ముందు నేల మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఆ వాక్యం కొట్టేశాను. రాస్తూ పైకే చదివాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

‘నేను ట్యాంకు ఎక్కలేదు. ఎక్కానని అబద్ధం రాశాను. ఆయన చూసినదాన్ని లేదని చెప్పాను. అక్కడ ఊరుంది, వీధి ఉంది, ఆయన గీసిన చోటే ఉంది.’

సంతకం పెట్టి తలెత్తాను. ఆయన బొటనవేలు నక్షాలో వీధి మలుపు మీదే ఉంది.

‘తప్పంతా నాది అన్నా,’ అన్నాను. ‘ఆ రోజు చాయ్ దగ్గరికి రావాల్సింది. నన్ను క్షమించండి.’